పీయా, సీయా అని అడగకముందు: లెక్కింపు, సంభావ్యత లెక్కల్ని విప్పే పద్ధతి

విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక మేడ మీది గదిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ప్రస్తారాలు, సంయోగాలు మొదలుపెట్టిన రోజు నుంచి సంభావ్యత పూర్తయ్యేదాకా నా చెవిన పడే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ఇది పీయా, సీయా?" ఎన్‌పీఆర్ (ప్రస్తారాలు, అంటే వరసగా పేర్చే విధాలు) వేయాలా, ఎన్‌సీఆర్ (సంయోగాలు, అంటే వరస చూడకుండా ఎంచుకునే విధాలు) వేయాలా అని. దానికి నేను జవాబు చెప్పను. చెబితే ఆ ఒక్క లెక్క గట్టెక్కుతుంది, తర్వాతి లెక్క దగ్గర మళ్లీ అదే ప్రశ్న.

నిజానికి ఈ అధ్యాయాల్లో సూత్రాలు చాలా తక్కువ. త్రికోణమితితో పోలిస్తే ఏమీ లేనట్టే. అయినా పిల్లలకు టెన్షన్ ఇక్కడే ఎక్కువ. కారణం ఏమిటంటే, ఇక్కడ తప్పు జవాబు కూడా ఒప్పు జవాబులాగే దర్జాగా కూర్చుంటుంది. సమీకరణం సాధిస్తే వచ్చిన విలువను మళ్లీ అందులో వేసి చూసుకోవచ్చు. 360, 215 అనే రెండు అంకెల్లో ఏది దొంగో ముఖం చూసి ఎలా చెబుతాం? అందుకని ఈ లెక్కలు నేర్చుకోవడమంటే సగం పని దొంగను పట్టుకోవడం నేర్చుకోవడమే.

మొదటి పని: ఒక్క ఫలితాన్ని పూర్తిగా రాయండి

సూత్రం తలచుకోకముందు, ప్రశ్న అడుగుతున్న "విధాల్లో" ఒకదాన్ని పేర్లతో సహా కాగితం మీద పెట్టండి. ఇంత చిన్న పని ఎందుకని దీన్ని అందరూ దాటేస్తారు. దాటేస్తే ఏమవుతుందో చూడండి.

ఆరుగురు అబ్బాయిలు, ఐదుగురు అమ్మాయిలు ఉన్నారు. క్విజ్‌కి నలుగురిని పంపాలి, కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. ఎన్ని విధాలు? (11 మందిలోంచి నలుగురిని ఎంచుకునే విధాల సంఖ్యను ఇక్కడ 11సీ4 అని రాస్తాను.)

క్లాసులో సగం మంది చేసేది ఇదీ: "ముందు ఇద్దరు అమ్మాయిల్ని తీసేసుకుంటే షరతు తీరిపోతుంది. 5సీ2 = 10. మిగిలిన తొమ్మిది మందిలో ఎవరైనా ఇద్దరు, 9సీ2 = 36. మొత్తం 360." వినడానికి ఎక్కడా తేడా కనిపించదు. ఒకసారి ఒక అమ్మాయి ఇలాగే చేసి, ఎందుకో అసలు షరతే లేకపోతే ఎన్నో కూడా కట్టి చూసింది. 11సీ4 = 330 వచ్చింది. "ఏటి మాస్టారూ, షరతు పెడితే తగ్గాలి కదా, పెరిగిందేటి?" అంది. ఆ రోజు ఆ పిల్ల అడిగినంత మంచి ప్రశ్న నన్నింకెవరూ అడగలేదు.

ఒక జట్టు రాయమన్నాను. గీత, లత, సుధ, రవి అని రాసింది. ఈ జట్టు నీ 360లో ఎన్నిసార్లు ఉందో చూడమన్నాను. ముందు గీత, లతను తీసి, తర్వాత సుధ, రవిని తీస్తే ఒకసారి. ముందు గీత, సుధను తీసి, తర్వాత లత, రవిని తీస్తే మళ్లీ ఇదే జట్టు. ముందు లత, సుధ అయితే మూడోసారి. మనిషి ఒక్కడే, ఓటు మూడుసార్లు వేశాడు. నలుగురూ అమ్మాయిలే ఉన్న జట్టయితే ఆరుసార్లు.

సరైన దారి జట్టును అమ్మాయిల సంఖ్యను బట్టి విడగొట్టడం. ఇద్దరు అమ్మాయిలు: 10 × 15 = 150. ముగ్గురు: 10 × 6 = 60. నలుగురు: 5. మొత్తం 215. మరో దారిలో చూద్దాం: 330లోంచి అమ్మాయిలే లేని 15 జట్లు, ఒక్క అమ్మాయే ఉన్న 5 × 20 = 100 జట్లు తీసేస్తే 215. రెండు దారులూ కలిశాయి.

ఇక్కడితో ఆపకండి. తప్పు జవాబును కూడా విప్పండి. 150 జట్లు ఒక్కోసారి, 60 జట్లు మూడేసిసార్లు, 5 జట్లు ఆరేసిసార్లు వచ్చాయి: 150 + 180 + 30 = 360. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చివరి ఒకటి దాకా లెక్క తేలింది. ఇలా నాలుగు తప్పుల్ని చివరిదాకా తవ్వినవాళ్లకు "కనీసం" అన్న మాట కనిపించగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. ముందు కొంత తీసి పక్కన పెట్టుకోవడం అనే అలవాటు పోతుంది.

రెండో పని: రెండింటిని అటూ ఇటూ మార్చి చూడండి

రాసిన ఫలితంలో ఏవో రెండింటి చోట్లు మార్చండి. కొత్త ఫలితం వచ్చిందా, పాతదే ఉందా? పీయా, సీయా అన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. క్విజ్ జట్టులో గీతను, రవిని అటూ ఇటూ రాస్తే జట్టు మారలేదు. ఒకరు లీడరు, ఒకరు డిప్యూటీ అయితే మారింది.

చాలా లెక్కల్లో కొన్ని మారతాయి, కొన్ని మారవు. చిక్కంతా అక్కడే. ఆమదాలవలస పేరు తీసుకుందాం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఊరు. ఆ, మ, దా, ల, వ, ల, స: ఏడు అక్షరాలు, అందులో "ల" రెండుసార్లు. మ, వ చోట్లు మార్చితే కొత్త పదం. రెండు "ల"ల చోట్లు మార్చితే ఏమీ మారదు. కాబట్టి 7! (అంటే 7 × 6 × 5 × 4 × 3 × 2 × 1) = 5,040ని 2తో భాగించాలి: 2,520.

ఇప్పుడు రెండు "ల"లు పక్కపక్కన రాకూడదంటే? మిగిలిన ఐదు అక్షరాల్ని వరసగా పేర్చండి, 5! = 120. వాటి మధ్య, అటు చివర, ఇటు చివర కలిపి ఆరు ఖాళీలు. అందులో రెండు ఖాళీల్లో "ల" పెట్టాలి. ఇక్కడ చాలామంది 6 × 5 = 30 అని గుణించి 3,600 అంటారు. మొత్తమే 2,520 అని అప్పుడే మరిచిపోతారు! ఖాళీల్ని ఎంచుకోవడమే ఉంది, ఏ "ల" ఎక్కడ అన్న ప్రశ్న లేదు, కాబట్టి 6సీ2 = 15. జవాబు 1,800. సరిచూడటానికి: రెండు "ల"ల్ని అతికించి ఒకే అక్షరం అనుకుంటే 6! = 720. 2,520 − 720 = 1,800.

అనుమానంగా ఉంటే పదాన్ని చిన్నది చేయండి. ల, ల, స. మూడే పదాలు: లలస, లసల, సలల. పక్కపక్కన లేనిది ఒక్కటే. మీ పద్ధతి ఇక్కడ 1 ఇస్తోందా, 2 ఇస్తోందా? పెద్ద లెక్కలో దొరకని తప్పు మూడక్షరాల్లో పది సెకన్లలో దొరుకుతుంది.

వీధుల లెక్కలూ ఇవే. తూర్పుకు నాలుగు గళ్లు, ఉత్తరానికి మూడు గళ్లు వెళ్లాలి, వెనక్కి రాకూడదు. ఒక దారి రాసి చూడండి: తూ తూ ఉ తూ ఉ ఉ తూ. నాలుగు "తూ", మూడు "ఉ" ఉన్న ఏడక్షరాల పదమే కదా. 7సీ3 = 35 దారులు. సిరిమానోత్సవం నాడు జనంతో ఒక మలుపు మూసుకుపోయిందనుకోండి, అది తూర్పుకు రెండు, ఉత్తరానికి ఒకటి దూరంలో ఉంది. దాని మీదుగా పోయే దారులు 3 × 6 = 18, కాబట్టి మిగిలినవి 17. మా ఊళ్లో మూడు లాంతర్ల చుట్టుపక్కల సందులు ఇంత చక్కగా గళ్లుగా ఉండవు. అది వేరే బాధ.

మూడో పని: షరతు దేన్ని దేనితో ముడిపెడుతోందో చూడండి

గట్టి లెక్కలంటే ఇవీ. ఒకచోట చేసిన ఎంపిక ఇంకొకచోటి ఎంపికను కట్టేస్తుంది. నేరుగా గుణించేస్తే మునుగుతాం.

దీనికి నాకు దొరికిన అన్నిటికంటే మంచి ఉదాహరణ లెక్కల పుస్తకంలోది కాదు. మా కింది వాటాలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉంటారు. పిల్లలు నా దగ్గర ప్రస్తారాలు అంటుంటే విని, ఒక సాయంత్రం పైకొచ్చి, "ఆ మాట మాదయ్యా, మీరు పట్టుకుపోయారు" అన్నారు. నిజమే. గురు లఘువుల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో వరసగా రాయడాన్ని ఛందస్సులో ప్రస్తారం అంటారు. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయి? ఒక్కో చోట గురువో లఘువో, 2 × 2 × 2. యమాతారాజభానసలగం అని పదో తరగతిలో వల్లించిన ప్రతి ఒక్కరూ తెలియకుండానే ఈ అధ్యాయం మొదలుపెట్టేశారు.

కంద పద్యంలో గణాలు గగ, భ, జ, స, నల (గ అంటే గురువు, ల అంటే లఘువు). ఐదే ఎందుకు? లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా వస్తాయి? చివరిది లఘువైతే దాని ముందు మూడు మాత్రలుంటాయి, గురువైతే రెండు మాత్రలుంటాయి. కాబట్టి నాలుగు మాత్రల విధాలు = మూడు మాత్రల విధాలు + రెండు మాత్రల విధాలు. ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5. గగ, గలల, లగల, లలగ, లలలల. వరసగా ఇవే ఆ ఐదు గణాలు. కందం ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు. మెట్లు ఒకటో రెండో ఎక్కుతూ పోయే లెక్క పరీక్షలో వస్తే అది కూడా ఇదే లెక్క.

ఇప్పుడు అసలు ప్రశ్న. యతి ప్రాసలు పక్కన పెట్టి, గురు లఘువుల అమరిక మాత్రమే చూస్తే కంద పద్యాలు ఎన్ని రకాలు?

నియమాలు గుర్తు చేసుకుందాం. ఒకటీ రెండూ పాదాలు కలిపి ఒక అర, అందులో 3 + 5 = 8 గణాలు. మూడూ నాలుగూ పాదాలు రెండో అర, అదే తీరు. అరలో బేసి గణం జ కాకూడదు. ఆరో గణం జ గాని, నల గాని కావాలి. అర చివరి అక్షరం గురువు కావాలి. ఇక చిక్కు నియమం: మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగు పాదాలూ గురువుతోనే, లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి.

చివరి నియమం నాలుగు పాదాల్నీ ఒకే తాడుకు కట్టింది. అందుకని ముందు ఆ తాడు దగ్గరే రెండుగా విడగొట్టాలి.

గురువుతో మొదలయ్యే అర: ఒకటో గణం గగ లేదా భ, 2 విధాలు. రెండోది 5. మూడోది బేసి, 4. నాలుగో గణంతో రెండో పాదం మొదలవుతుంది, మళ్లీ గురువు కావాలి, 2. ఐదోది 4, ఆరోది 2, ఏడోది 4. ఎనిమిదోది గురువుతో ముగియాలి, గగ లేదా స, 2. అన్నీ గుణిస్తే 5,120.

లఘువుతో మొదలయ్యే అర: ఒకటో గణం స లేదా నల, 2. నాలుగోది సరి స్థానం కాబట్టి జ కూడా పనికొస్తుంది: జ, స, నల, 3. మిగిలినవన్నీ పైలాగే. 7,680.

రెండూ కలిపి ఒక అరకు 12,800, రెండు అరలున్నాయి కాబట్టి 12,800 × 12,800 అందామా? అదే గోతి. అలా అంటే మొదటి అర గురువుతోనూ రెండో అర లఘువుతోనూ మొదలయ్యే పద్యాలు కూడా దూరిపోతాయి. విడగొట్టిన గదులు చివరిదాకా విడిగానే ఉండాలి, ఆఖరున మాత్రమే కూడాలి:

5,120 × 5,120 = 2,62,14,400
7,680 × 7,680 = 5,89,82,400
మొత్తం 8,51,96,800.

గదిలోపల గుణకారం, గదుల మధ్య కూడిక. ఈ ఒక్కటీ వంటబడితే ఇంటర్ స్థాయిలో ముప్పాతిక వంతు గట్టి లెక్కలు లొంగుతాయి.

ఇక్కడే ఒక పక్క మాట. నిఘంటువు క్రమంలో ఈ పదం ఎన్నోది అని కోటి రూపాయల ప్రశ్నలా అడుగుతుంటారు. ఛందస్సులో దాని పేరు ఉద్దిష్టం. అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టిస్తూ రాసి, లఘువుల మీద ఉన్న అంకెలు కూడి, ఒకటి కలపాలి. జ గణం లగల: 1 + 4 + 1 = 6, కాబట్టి ప్రస్తారంలో ఆరోది. ఉత్పలమాలకు (భ ర న భ భ ర వ) చేసి చూడండి, 20 అక్షరాల 10,48,576 వృత్తాల్లో దాని నంబరు 3,55,799 వస్తుంది. ఛందస్సు పుస్తకాల్లో ఈ నంబరే ఉంటుంది. ఆదిభట్ల నారాయణదాసు తిరిగిన ఊళ్లో ఉండి కూడా ఈ లెక్క నాకు నలభై దాటాక గాని తెలియలేదు.

నాలుగో పని: ఎదురుగా వెళ్లలేకపోతే వెనక నుంచి రండి

"ఒక్కటైనా", "ఎవరికీ కాకుండా" అన్న మాటలుంటే పూరక ఘటన, అంటే అడిగింది జరగకపోవడం, చూడండి. 23 మంది ఉన్న గదిలో కనీసం ఇద్దరి పుట్టినరోజులు కలిసే అవకాశం సగం కంటే ఎక్కువ, దాదాపు 0.507. దాన్ని నేరుగా కట్టబోతే తెల్లారిపోతుంది. ఎవరివీ కలవకపోవడాన్ని కట్టి ఒకటిలోంచి తీసేస్తే ఒక వరసలో అయిపోతుంది.

కొన్నిచోట్ల ఒక్క తీసివేత చాలదు. ఐదుగురు అరసవల్లి గుడి బయట చెప్పులు విడిచారు. రథసప్తమి జనంలో తిరిగొచ్చి, చూసుకోకుండా తలో జత వేసుకున్నారు. ఎవరికీ తమ చెప్పులు రాని సంభావ్యత ఎంత?

మొత్తం 5! = 120. మొదటివాడికి తన చెప్పులే వచ్చిన విధాలు 24, ఐదుగురికీ కలిపి 120 తీసేద్దాం. సున్నా మిగిలింది, అంటే ఎక్కువ తీసేశాం. ఇద్దరికి సరిగ్గా వచ్చిన సందర్భాల్ని రెండుసార్లు తీశాం కదా, 10 × 6 = 60 వెనక్కి కలపాలి. ఇప్పుడు ముగ్గురికి సరిగ్గా వచ్చినవి ఎక్కువ కలిశాయి, 10 × 2 = 20 తీయాలి. నలుగురివి 5 కలపాలి, ఐదుగురివి 1 తీయాలి. 120 − 120 + 60 − 20 + 5 − 1 = 44. సంభావ్యత 44/120, అంటే సుమారు 0.367. మనుషులు ఐదుగురైనా యాభై మందైనా ఈ విలువ 0.368 దగ్గరే తచ్చాడుతుంది. క్లాసులో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

వెనక నుంచి రావడంలో ఇంకో రకం ఉంది. ఒకేలాంటి 10 పలాస జీడిపప్పు పొట్లాలు నలుగురు పిల్లలకు పంచాలి, ఎవరికీ నాలుగుకు మించకూడదు. పొట్లాలన్నీ ఒకటే కాబట్టి ఏ పొట్లం ఎవరికన్నది లెక్కకు రాదు, ఎన్ని వచ్చాయన్నదే వస్తుంది. పది పొట్లాల్ని వరసగా పెట్టి మధ్యలో మూడు పుల్లలు అడ్డం పెట్టినట్టు ఊహించండి. 13 చోట్లలో పుల్లలకు 3 చోట్లు, 13సీ3 = 286. పరిమితి లేనప్పటి లెక్క ఇది. పరిమితితో, చెప్పుల లెక్కలోలాగే చేర్చడం, తీసివేయడం చేస్తే (ఒకరికి ఐదు ముందే ఇచ్చేస్తే మిగిలినవి పంచే విధాలు 8సీ3 = 56, ఇద్దరికి ఐదేసి ఇచ్చేస్తే 1) 286 − 4 × 56 + 6 × 1 = 68.

అంత కష్టం లేకుండా చూడండి. ఒక్కొక్కరికి నాలుగేసి అప్పటికే ఇచ్చేశామనుకోండి, మొత్తం 16. అందులోంచి 6 వెనక్కి తీసుకోవాలి. ఆరు పొట్లాలు నలుగురి నుంచి తీసుకునే విధాలు 9సీ3 = 84. ఒకరి దగ్గర నాలుగే ఉన్నాయి కాబట్టి ఐదు అంతకుమించి తీయడం కుదరదు. అలా కుదరనివి (ఐదు తీసేది ఎవరి నుంచో 4 విధాలు, ఆరోది ఎవరి నుంచో 4) 4 × 4 = 16. 84 − 16 = 68. చేతిలో ఉన్న అంకె చిన్నదైతే పని కూడా చిన్నదవుతుంది.

సంభావ్యతకు వచ్చేసరికి: హారంలో ఏముంది?

లెక్కింపు బాగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ బోల్తా పడతారు. అనుకూల విధాలు భాగించు మొత్తం విధాలు అన్న సూత్రం, ఆ విధాలన్నీ సమసంభవాలు (సమానంగా అవకాశం ఉన్నవి) అయినప్పుడే పనిచేస్తుంది. ఆ చిన్న మాటను చదివి మరిచిపోతారు.

పిల్లల్ని అనడానికేముంది, ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో ఇదే తప్పు అచ్చులో పెట్టాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది, లేదా రెండోసారి బొమ్మ, లేదా రెండుసార్లూ బొరుసు. మూడు సందర్భాలు, రెండు అనుకూలం. కానీ మొదటి సందర్భం మిగిలిన రెంటితో సమానం కాదు, దాని వాటా సగం. సరైన జవాబు 3/4.

జీడిపప్పు పొట్లాల దగ్గర ఈ గొయ్యి ఇంకా లోతు. ఒక్కో పొట్లాన్ని చీటీ తీసి నలుగురిలో ఎవరికి పడితే వారికి ఇచ్చామనుకోండి. అందరికీ కనీసం ఒకటి దక్కే సంభావ్యత ఎంత? పుల్లల పద్ధతి వచ్చినవాడు వెంటనే 9సీ3 / 13సీ3 = 84/286 అంటాడు, సుమారు 0.29. తప్పు. పది పొట్లాలూ ఒకడికే పోవడం ఒక్క విధంగానే జరుగుతుంది. 3, 3, 2, 2గా పోవడం ఎన్నో రకాలుగా జరుగుతుంది. ఆ రెండింటికీ ఒకే విలువ ఎలా ఇస్తాం? చీటీలు తీసేటప్పుడు ప్రతి పొట్లం వేరే సంఘటన. హారం 4ను పదిసార్లు గుణించగా వచ్చే 10,48,576. లవం చేర్చడం, తీసివేయడంతో 10,48,576 − 4 × 59,049 + 6 × 1,024 − 4 = 8,18,520. సంభావ్యత సుమారు 0.78. ఎక్కడ 0.29, ఎక్కడ 0.78!

నేను పాటించే నియమం మొరటుగా ఉంటుంది గాని పనిచేస్తుంది. సంభావ్యత లెక్కలో వస్తువులన్నిటికీ నంబర్లు అంటించేయండి, ఒకేలాంటివైనా సరే. ప్రకృతికి అవి వేరువేరే. పైన, కింద ఒకే పద్ధతిలో లెక్కపెట్టండి. క్రమం చూస్తే రెండుచోట్లా చూడండి, వదిలితే రెండుచోట్లా వదిలేయండి.

ఒక షార్ట్‌కట్ మాత్రం అందరూ వాడుకోవచ్చు. సంచిలో 5 ఎర్ర బంతులు, 3 తెల్ల బంతులు. తిరిగి వేయకుండా తీస్తుంటే నాలుగోది ఎర్రది అయ్యే సంభావ్యత? వృక్షం గీసి ఎనిమిది కొమ్మలు లెక్కపెట్టేవాళ్లను చూశాను. అక్కర్లేదు, 5/8. ముందు తీసినవేవో మనకు తెలియనప్పుడు నాలుగో చోటుకూ మొదటి చోటుకూ తేడా లేదు. చీటీలు తీసేటప్పుడు చివర తీస్తే నష్టమని మా వీధిలో ఇప్పటికీ తోసుకుంటారు. పన్నెండు మందిలో పన్నెండోవాడికి కూడా అవకాశం 1/12 మాత్రమే, తోసుకుంటే చొక్కా నలగడం తప్ప లాభం లేదు.

షరతుతో కూడిన సంభావ్యత: వెయ్యి తీసుకోండి

ఫలితం చూసి దాని వెనకున్న కారణం సంభావ్యత కట్టే బేయీ సిద్ధాంతాన్ని పిల్లలు సూత్రంగా కంఠతా పట్టి, పరీక్షలో లవం హారం తారుమారు చేస్తారు. నేను ముందు సూత్రం చెప్పను. వెయ్యి గింజలు తీసుకోమంటాను.

జీడిపప్పు ఏరే యంత్రం ఒకటి ఉందనుకుందాం. గింజల్లో నూటికి 5 పుచ్చువి. యంత్రం పుచ్చు గింజల్లో 90 శాతాన్ని పట్టుకుంటుంది, కానీ మంచి గింజల్లో 8 శాతాన్ని కూడా పొరపాటున పక్కకు నెడుతుంది. పక్కకు పడిన గింజ నిజంగా పుచ్చుదయ్యే సంభావ్యత?

90 శాతం అని నోరు జారకండి. 1,000 గింజల్లో 50 పుచ్చువి, వాటిలో 45 పక్కకు పడ్డాయి. 950 మంచివి, వాటిలో 76 పక్కకు పడ్డాయి. పక్కన పడిన గుట్టలో మొత్తం 121, అందులో పుచ్చువి 45. సంభావ్యత 45/121, సుమారు 0.37. గుట్టలో ఎక్కువ మంచి గింజలే! షరతు పెట్టడమంటే పాత ఆవరణాన్ని (మొత్తం వెయ్యి గింజల్ని) వదిలేసి ఈ గుట్ట ముందు కూర్చోవడం. హారం గుట్ట సైజు, అంతే. ఇది కళ్ల ముందు కనిపించాక సూత్రం రాయమంటే ఎవరూ తారుమారు చేయరు.

పరీక్ష హాల్లో

లెక్క చదివాక మొదటి అర నిమిషం పెన్ను సూత్రం వైపు పోనివ్వకండి. మార్జిన్‌లో ఒక ఫలితం రాయండి, రెండు చోట్లు మార్చి చూడండి, షరతు తాడు ఎక్కడుందో గుర్తించండి. జవాబు వచ్చాక షరతు లేని మొత్తంతో పోల్చండి. సంభావ్యత ఒకటి దాటినా, విధాల సంఖ్య పూర్ణాంకం కాకుండా భిన్నం వచ్చినా వెంటనే వెనక్కి వెళ్లండి. ఈఏపీసెట్‌లో లెక్కల ప్రశ్నలే 80, రుణాత్మక మార్కులు లేవు కాబట్టి చివర్లో ఏదీ ఖాళీగా వదలనక్కర్లేదు. జేఈఈ మెయిన్‌లో నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. గుడ్డిగా పెట్టినా సగటున పావు మార్కు వస్తుంది, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఒకటిన్నర వస్తుంది. ఇదీ ఈ అధ్యాయం లెక్కే.

మీరు చేసి చూడటానికి ఒక లెక్క. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు. సూర్యగణాలు 2 రకాలు, ఇంద్రగణాలు 6 రకాలు. కందంలోలా పాదాల్ని కట్టే తాడు ఇక్కడ లేదు. అమరికలు ఎన్ని?

బేసి పాదానికి 8 × 36 = 288, సరి పాదానికి 32. 288 × 32 = 9,216, రెండు అరలకు 9,216 × 9,216 = 8,49,34,656. ఈ అంకె వచ్చిన రోజు కందం అంకె పక్కన పెట్టి చూశాను. 8,51,96,800. రెండింటినీ 2,62,144తో భాగిస్తే కందానికి 325, ఆటవెలదికి 324. రెండుసార్లు సరిచూసుకుని కిందకి వెళ్లి తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు కాగితం చూసి, "కందం రాసినవాడే కవి అంటారు కదయ్యా, ఆ ఒక్కటీ అందుకే అయ్యుంటుంది" అన్నారు.